దినసరి ఛార్జీ పరిమితి: స్మార్ట్‌కార్డు లెక్క, కొల్లేటి ప్రాంత ప్రయాణికుడు

వ్యాససంగ్రహం:
నగర ప్రజారవాణాలో స్మార్ట్‌కార్డు వాడే ప్రయాణికుడి నుంచి ఒక రోజులో ఇంతకు మించి ఛార్జీ వసూలు చేయకూడదని విధించే హద్దును దినసరి ఛార్జీ పరిమితి అంటారు. ఇది చూడటానికి రాయితీలా కనిపించినా, స్వభావంలో వేరైన ఏర్పాటు. ముందుగా డబ్బు కట్టి పాసు కొనలేని వ్యక్తికి, అతడు చేసిన ప్రయాణాలను లెక్కించి, పాసు ప్రయోజనాన్ని తరువాత అందించే గణనవిధానమిది. ఈ విధానం పనిచేసే తీరును, కార్డులోనూ ఖాతాలోనూ లెక్క జరిగే పద్ధతులను, 'రోజు'ను నిర్వచించడంలోని చిక్కులను ఈ వ్యాసం వివరిస్తుంది. హైదరాబాదులోనూ ఆంధ్రప్రదేశ్‌లోనూ అమలైన దగ్గరి నమూనాలను పరిశీలించి, ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతానికి ఈ విధానం ఏ రూపంలో సరిపడుతుందో చర్చిస్తుంది.

కీలకపదాలు: ఛార్జీ పరిమితి, స్మార్ట్‌కార్డు, బస్ పాస్, మారుబస్సు, పల్లెవెలుగు, కొల్లేరు, స్త్రీశక్తి.

1. ఉపోద్ఘాతం:

ఏలూరు నుంచి కైకలూరు వెళ్ళే రహదారి కొల్లేటి సరస్సును అడ్డంగా దాటుతుంది. సరస్సు మధ్యనున్న లంక గ్రామాల వారికీ, అంచునున్న ఊళ్ళవారికీ పట్నం ప్రయాణమంటే సాధారణంగా ఒక్క వాహనంతో ముగిసే పని కాదు. ఊరినుంచి ప్రధాన రహదారి వరకు ఆటో, అక్కడినుంచి ఒక బస్సు, అవసరాన్నిబట్టి మరో బస్సు. రైలు సౌకర్యం ఉన్నా అది ఈ ప్రాంతాన్ని రెండుగా విడదీసి చూపుతుంది. ఏలూరు, తాడేపల్లిగూడెం విజయవాడ–విశాఖపట్నం ప్రధాన మార్గంలో ఉన్నాయి. కైకలూరు గుడివాడ–భీమవరం మార్గంలో ఉంది. సరస్సుకు ఉత్తరాన ఒక రైలుమార్గం, దక్షిణాన మరొకటి. సరస్సు మీదుగా ఆ రెంటినీ కలిపేది రోడ్డు మాత్రమే.

2022 ఏప్రిల్ 4న ఆంధ్రప్రదేశ్‌లో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు కైకలూరు, మండవల్లి, ముదినేపల్లి, కలిదిండి మండలాలు కృష్ణా జిల్లా నుంచి ఏలూరు జిల్లాలో చేరాయి. తాడేపల్లిగూడెం భీమవరం కేంద్రంగా ఉన్న పశ్చిమగోదావరి జిల్లాలో నిలిచింది. దక్షిణ తీరంలోని మండలాల వారికి కలెక్టర్ కార్యాలయం మచిలీపట్నానికి బదులు సరస్సు ఆవలి ఒడ్డునున్న ఏలూరు అయింది. ఇలా పాలనా పటం మారినప్పుడల్లా సామాన్యుడు ఎక్కవలసిన బస్సులు, కొనవలసిన టికెట్లు కూడా మారతాయి.

ఈ నేపథ్యంలో ఒక ప్రశ్న వేసుకోవాలి. ఒక మనిషి ఒకే పనిమీద, ఒకే రోజున, నాలుగు బస్సులు ఎక్కితే అతడు నాలుగు టికెట్ల డబ్బు చెల్లించవలసిందేనా? లండన్ నగరం ఈ ప్రశ్నకు 2005లో ఇచ్చిన సమాధానమే దినసరి ఛార్జీ పరిమితి. దాని వెనుకనున్న లెక్కను అర్థం చేసుకుంటే, అది మహానగరాలకే పరిమితమైనది కాదని తెలుస్తుంది.

2. పాసుకూ పరిమితికీ గల భేదం:

బస్ పాస్, రైల్వే సీజన్ టికెట్ మనకు చిరపరిచితాలు. రెండింటిలోనూ ప్రయాణికుడు ముందుగా ఒక మొత్తం చెల్లించి, ఆ గడువులో ఎన్నిసార్లయినా ప్రయాణించే హక్కు పొందుతాడు. ఇందులో ఒక పందెం దాగి ఉంది. రాబోయే నెలలో తాను ఎన్ని రోజులు ప్రయాణం చేస్తాడో అతడు ముందే అంచనా వేయాలి. నెలజీతం అందుకునే ఉద్యోగికి, కళాశాల విద్యార్థికి ఈ అంచనా సులభం. చేపల చెరువుల మీద పనిచేసే దినకూలీకి ఇది అసాధ్యం. పట్టుబడి ఉన్న రోజున పని ఉంటుంది, లేని రోజున ఉండదు. సోమవారం నాడు అతనికి గురువారం సంగతి తెలియదు.

ఊహించుకున్న అంకెలతో ఈ సంగతి పరిశీలిద్దాం. ఒక కూలీకి రోజుకు నాలుగు టికెట్లు కలిపి 80 రూపాయలు ఖర్చవుతుందనుకుందాం. నెలపాసు ధర 1,000 రూపాయలు. నెలలో 26 రోజులు పనికి వెళ్ళే వ్యక్తి విడి టికెట్లు కొంటే 2,080 రూపాయలు అవుతుంది. పాసు కొంటే 1,080 రూపాయలు మిగులుతుంది. 12 రోజులే పని దొరికిన వ్యక్తికి విడి టికెట్ల ఖర్చు 960 రూపాయలే. పాసు కొని ఉంటే అతడు 40 రూపాయలు నష్టపోయేవాడు. అంటే 13 రోజులు పని దొరికితేనే పాసు గిట్టుబాటవుతుంది. పని దొరుకుతుందో లేదో తెలియనివాడు పాసు కొనడు. తీరా ఆ నెలలో పని బాగా దొరికితే, పాసు ఉన్నవాడికంటే రెట్టింపుకు పైగా చెల్లిస్తాడు. ఆ పైన, నెల మొదటి రోజున 1,000 రూపాయలు చేతిలో ఉండటమనేది మరో షరతు.

పేదవారే వస్తువులకు ఎక్కువ ధర చెల్లిస్తారన్న విషయాన్ని అమెరికన్ సామాజికశాస్త్రవేత్త డేవిడ్ కాప్లోవిట్జ్ 1963లో న్యూయార్క్ వినియోగదారులపై చేసిన అధ్యయనంలో చర్చించాడు. టోకున కొనగలిగిన వాడికి చౌక, చిల్లరగా కొనేవాడికి ప్రియం. ప్రయాణం విషయంలో పాసు టోకు బేరం, విడి టికెట్టు చిల్లర బేరం.

ఈ పందెంలో పొరపడేది పేదలు మాత్రమే కాదు. స్టెఫానో డెల్లావిగ్నా, ఉల్రికే మాల్మెండియర్ 2006లో ప్రచురించిన పరిశోధనలో వ్యాయామశాల సభ్యుల చెల్లింపులను పరిశీలించారు. ఒక్కో రాకకు 10 డాలర్లు చెల్లించే వీలున్నా నెలసరి సభ్యత్వం తీసుకున్నవారు, తక్కువసార్లు రావడంవల్ల, సగటున ఒక్కో రాకకు 17 డాలర్లకు పైగా చెల్లించినట్లు తేల్చారు. భవిష్యత్తులో తన వాడకం ఎంతో మనిషి సరిగా ఊహించలేడన్నది దీని సారాంశం.

ఛార్జీ పరిమితి ఈ అంచనా భారాన్ని ప్రయాణికుడి మీదినుంచి తొలగించి, యంత్రానికి అప్పగిస్తుంది. ప్రయాణికుడు ఏ పాసూ ఎంచుకోడు. ప్రతి ప్రయాణానికీ మామూలుగానే చెల్లిస్తాడు. చెల్లించిన మొత్తం ఒక హద్దును చేరగానే మిగిలిన ప్రయాణాలు ఉచితమవుతాయి. రోజు ముగిశాక చూస్తే, అతనికి ఏది లాభమో అదే కొన్నట్లు లెక్క తేలుతుంది. పాసు ముందుచూపును కోరుతుంది. పరిమితి జరిగిన దానిని మాత్రమే చూస్తుంది.

3. లెక్క జరిగే తీరు:

ఈ గణనలోని సూత్రం ఒక్క వాక్యంలో చెప్పదగినది. ఒక ప్రయాణానికి వసూలు చేయవలసినది, ఆ ప్రయాణపు అసలు ఛార్జీ, ఆ రోజు పరిమితిలో ఇంకా మిగిలిన మొత్తం, ఈ రెంటిలో ఏది తక్కువైతే అది.

పై ఉదాహరణలోని కూలీనే తీసుకుందాం. ఊరి దగ్గరి రోడ్డునుంచి మొదటి బస్సుకు 15 రూపాయలు, రెండవ బస్సుకు 25 రూపాయలు. తిరుగు ప్రయాణంలోనూ అంతే. దినసరి పరిమితి 60 రూపాయలనుకుంటే లెక్క ఇలా సాగుతుంది. ఉదయం మొదటి బస్సులో 15 రూపాయలు తగ్గుతాయి. పరిమితిలో ఇంకా 45 మిగులుతుంది. రెండవ బస్సులో 25 తగ్గుతాయి. మిగిలేది 20. సాయంత్రం తిరుగు ప్రయాణంలో మొదటి బస్సు అసలు ఛార్జీ 25 అయినా, మిగిలిన పరిమితి 20 కాబట్టి 20 మాత్రమే తగ్గుతాయి. చివరి బస్సులో ఏమీ తగ్గదు. ఆ తరువాత రాత్రి మరో పనిమీద వెళ్ళినా ఉచితమే. మొత్తం 60 రూపాయలు.

దీనికి నెలసరి పరిమితిని కూడా జోడించవచ్చు. దినసరి హద్దు 60, నెలసరి హద్దు 1,000 రూపాయలు అనుకుంటే, 12 రోజులు ప్రయాణించినవాడు 720 రూపాయలు చెల్లిస్తాడు. 26 రోజులు ప్రయాణించినవాడు 17వ రోజున హద్దును చేరి, మొత్తం 1,000 రూపాయలతో నెల ముగిస్తాడు. ఇద్దరిలో ఎవరూ ముందుగా 1,000 రూపాయలు తీసి ఇవ్వలేదు. ఎవరూ పందెం కాయలేదు.

దూరాన్నిబట్టి ఛార్జీ మారే చోట ఒకే హద్దు చాలదు. లండన్ తన రైళ్ళకు మండలాలవారీగా హద్దులు పెట్టింది. ఆ రోజు ప్రయాణికుడు తిరిగిన మండలాలనుబట్టి అతనికి వర్తించే హద్దు నిర్ణయమవుతుంది. 2025 మార్చి సవరణతో మొదటి రెండు మండలాలకు దినసరి హద్దు 8.90 పౌండ్లు అయింది. 2025లో బస్సులకు దూరంతో నిమిత్తం లేకుండా ఒక్కో ప్రయాణానికి 1.75 పౌండ్లు, దినసరి హద్దు 5.25 పౌండ్లుగా ఉండటంవల్ల లెక్క మరీ సులభంగా ఉండేది. మూడు బస్సులు ఎక్కాక నాలుగవది ఉచితం.

4. లెక్క ఎక్కడ జరుగుతుంది:

స్మార్ట్‌కార్డు వ్యవస్థలు రెండు రకాలు. మొదటిది కార్డు ఆధారితం. కార్డులోని చిప్‌లోనే నిల్వ సొమ్ము, ఆ రోజు చేసిన ప్రయాణాల వివరం, అప్పటివరకు చెల్లించిన మొత్తం నమోదై ఉంటాయి. బస్సులోని రీడర్ కార్డును చదివి, లెక్క కట్టి, కొత్త మొత్తాన్ని తిరిగి కార్డులో రాస్తుంది. ఆ క్షణంలో ఇంటర్నెట్ ఉండవలసిన పని లేదు. 2003లో లండన్‌లో మొదలైన ఆయిస్టర్ కార్డు ఈ కోవకు చెందినది.

రెండవది ఖాతా ఆధారితం. ఇక్కడ కార్డు కేవలం గుర్తింపు. తాకినప్పుడల్లా 'ఈ కార్డు, ఈ సమయం, ఈ చోటు' అన్న సమాచారం కేంద్ర కంప్యూటర్‌కు చేరుతుంది. రోజు ముగిశాక అది అన్ని ప్రయాణాలనూ కలిపి, హద్దులు అన్వయించి, ఒకే మొత్తాన్ని బ్యాంకు ఖాతా నుంచి తీసుకుంటుంది. లండన్ బస్సులలో 2012 డిసెంబరు నుంచి, భూగర్భ రైళ్ళలో 2014 సెప్టెంబరు నుంచి సాధారణ బ్యాంకు కార్డులు ఈ పద్ధతిలో పనిచేస్తున్నాయి. లెక్క ప్రయాణం తరువాత జరుగుతుంది కాబట్టి, వారం మొత్తానికి కూడా హద్దు అన్వయించడం ఈ పద్ధతిలో సులభమైంది.

మన దేశంలో 2019 మార్చి 4న ప్రారంభమైన నేషనల్ కామన్ మొబిలిటీ కార్డు రూపే సాంకేతికతపై ఆధారపడినది. దాని చిప్‌లో ఇంటర్నెట్ లేకుండా వాడుకోగల నిల్వ సొమ్ము ఉంటుంది. రవాణాసంస్థలు తమ పాసుల వంటి సమాచారాన్ని రాసుకునేందుకు వేరే స్థలం కూడా ఉంటుంది. దినసరి మొత్తాన్ని ఆ స్థలంలో నమోదు చేస్తే కార్డు ఆధారిత పరిమితి సాధ్యమవుతుంది. సిగ్నల్ నిలకడగా దొరకని దారులలో తిరిగే బస్సులకు ఈ పద్ధతే అనువైనది. ప్రజారవాణాకు మాత్రమే వాడే ప్రీపెయిడ్ కార్డులను కేవైసీ లేకుండా జారీ చేయడానికి రిజర్వ్ బ్యాంకు 2024 ఫిబ్రవరిలో అనుమతించింది. పేరు చెప్పకుండా, పత్రాలు చూపకుండా కార్డు పొందే వీలు పేదవారికీ, తన కదలికల వివరం ఒకరి దగ్గర పోగుపడటం ఇష్టంలేనివారికీ ఉపయోగకరం.

రెండు పద్ధతులకూ వర్తించే నియమం ఒకటుంది. ఒక కార్డు ఒక మనిషిదే. నగదు టికెట్ల విషయంలో ఇంటి పెద్ద నలుగురికీ కలిపి టికెట్లు తీసుకోవచ్చు. పరిమితి లెక్కలో అలా కుదరదు. ఒకే కార్డుమీద నలుగురు ప్రయాణిస్తే, మొదటి ఇద్దరు హద్దును నింపాక మిగిలిన ఇద్దరూ ఉచితంగా వెళ్ళినట్లవుతుంది.

5. 'రోజు' అంటే ఏది?

పరిమితిని దినసరి అన్నప్పుడు ఆ దినం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగుస్తుందో చెప్పాలి. లండన్‌లో ఛార్జీల దినం తెల్లవారుజామున 4.30 గంటలకు మొదలై, మరునాడు 4.29కి ముగుస్తుంది. రాత్రి పొద్దుపోయాక ఇల్లు చేరేవాడి ప్రయాణం రెండు రోజులుగా చీలిపోకూడదన్నది ఉద్దేశం. మన దగ్గర తెల్లవారకముందే చెరువు గట్టుమీద ఉండవలసిన చేపల కూలీ ముందురోజు రాత్రే బయలుదేరితే, అర్ధరాత్రి హద్దైనా, 4.30 హద్దైనా అతని రాకపోకలు రెండు దినాలకు పంచబడి, పరిమితి ప్రయోజనం దక్కకపోవచ్చు. అలాంటి వారికి మొదటి ప్రయాణం నుంచి 24 గంటలు లెక్కించే పద్ధతే న్యాయంగా ఉంటుంది.

వారపు పరిమితికీ ఇదే చిక్కు ఉంది. న్యూయార్క్‌లో 2022లో మొదలైన వారపు పరిమితిని మొదట సోమవారం నుంచి ఆదివారం వరకు లెక్కించారు. గురువారం పని మొదలుపెట్టినవాడికి అది సగం వారం మాత్రమే. 2023లో దానిని ఏ ఏడు వరుస రోజులకైనా వర్తించేలా మార్చారు.

హద్దును తప్పుగా గీస్తే జనం దాని చుట్టూ తెలివిగా తిరుగుతారు. ఆస్ట్రేలియాలోని సిడ్నీలో ఓపల్ కార్డుమీద వారానికి ఎనిమిది ప్రయాణాలు పూర్తయ్యాక మిగిలినవి ఉచితమన్న నియమం ఉండేది. ఇక్కడ లెక్కించినది సొమ్మును కాదు, ప్రయాణాల సంఖ్యను. దాంతో కొందరు వారం మొదట్లోనే అతి తక్కువ దూరపు చవక ప్రయాణాలు ఎనిమిది చకచకా పూర్తిచేసి, మిగిలిన వారమంతా దూరప్రయాణాలు ఉచితంగా చేశారు. 2016 సెప్టెంబరులో ఆ నియమాన్ని సగం ఛార్జీకి కుదించారు. చెల్లించిన సొమ్మును కొలిచే పరిమితికి, ఎక్కిన బస్సుల సంఖ్యను కొలిచే పరిమితికి గల తేడా ఈ ఉదంతంలో స్పష్టమవుతుంది.

6. తెలుగునాట దగ్గరి నమూనాలు:

వాడకాన్నిబట్టి తనంతట తాను వర్తించే పరిమితి పూర్తిరూపంలో కాకపోయినా, ఆ దిశలో కొన్ని ప్రయత్నాలు తెలుగునాట జరిగాయి. హైదరాబాదు సిటీ బస్సులలో 24 గంటలపాటు ఎన్నిసార్లయినా ప్రయాణించే టీ-24 టికెట్టు ధరను 2023లో సాధారణ ప్రయాణికులకు 90 రూపాయలుగా నిర్ణయించారు. అదే సంవత్సరం జూన్‌లో తెలంగాణ ఆర్టీసీ పల్లెవెలుగు బస్సులకు టీ9-60 అనే టికెట్టు తెచ్చింది. దానితో మహిళలు, వృద్ధులు 100 రూపాయలకు 60 కిలోమీటర్ల పరిధిలో ఉదయం 9 నుంచి రాత్రి 9 వరకు ప్రయాణించే వీలుండేది. దినసరి హద్దు అన్న ఆలోచన నగరం దాటి పల్లెబస్సులోకి వచ్చిన సందర్భంగా ఇది గమనించదగినది. హైదరాబాదు మెట్రో 2022లో ప్రకటిత సెలవు రోజులకు 59 రూపాయల సూపర్ సేవర్ కార్డు పథకం ప్రవేశపెట్టింది. ఇవన్నీ ముందుగా కొనవలసినవే. ఉదయమే నిర్ణయించుకోవాలి. అందువల్ల ఇవి దినసరి పాసులే తప్ప దినసరి పరిమితులు కావు.

రైల్వేలో 2009లో ప్రవేశపెట్టిన ఇజ్జత్ పథకం మరో నమూనా. నెలకు 1,500 రూపాయలకు మించని ఆదాయం గలవారికి 100 కిలోమీటర్ల వరకు 25 రూపాయలకే నెలసరి టికెట్టు. ధర నామమాత్రం కావడంవల్ల పందెం సమస్య దాదాపు లేదు. అయితే ఆదాయ ధ్రువపత్రం సంపాదించడమే అందులోని అసలు ఖర్చు.

ఇటీవలి పథకాలలో పరిమితిని సున్నాకు దించినవీ ఉన్నాయి. తెలంగాణలో 2023 డిసెంబరు 9న మహాలక్ష్మి, ఆంధ్రప్రదేశ్‌లో 2025 ఆగస్టు 15న స్త్రీశక్తి పథకాలు మొదలయ్యాయి. స్త్రీశక్తి కింద రాష్ట్రానికి చెందిన బాలికలు, మహిళలు, ట్రాన్స్‌జెండర్లు పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ బస్సులలో ఉచితంగా ప్రయాణించవచ్చు. గణన దృష్టితో చూస్తే ఇది దినసరి హద్దు సున్నాగా ఉన్న పరిమితి. అయినా కండక్టర్ సున్నా రూపాయల టికెట్టు ఇస్తాడు. ఆ టికెట్టు ప్రయాణికురాలికి అవసరమైనది కాదు, లెక్కకు అవసరమైనది. ఎవరు ఎక్కడినుంచి ఎక్కడికి వెళ్ళారో నమోదైతేనే సంస్థకు ప్రభుత్వం నుంచి రావలసిన మొత్తం తేలుతుంది. వసూలు లేకపోయినా కొలత ఉండాలన్నది ఈ సున్నా టికెట్టు నేర్పే పాఠం.

7. ఏలూరు–కొల్లేరు ప్రాంతానికి అన్వయం:

మహానగరపు పరిమితిని యథాతథంగా ఈ ప్రాంతానికి తీసుకురాలేము. అక్కడ ప్రయాణాలు పొట్టివి, ఎక్కువసార్లు జరుగుతాయి. ఇక్కడ ప్రయాణాలు పొడుగైనవి, రోజుకు ఒక రాకపోక మాత్రమే. అయితే ఆ ఒక్క రాకపోకే పలు ముక్కలుగా విరిగి ఉంటుంది. ఈ ప్రాంతంలో పరిమితి చేయవలసిన పని ఆ ముక్కలను కలపడమే.

పల్లెవెలుగు బస్సుల ఛార్జీ స్టేజీలనుబట్టి ఉంటుంది. ప్రతి టికెట్టుకూ ఒక కనీస ఛార్జీ ఉంటుంది. బస్సు మారినప్పుడల్లా లెక్క మళ్ళీ మొదటినుంచి ఆరంభమవుతుంది. మన ఉదాహరణలో 15, 25 రూపాయల రెండు టికెట్లు కొనే కూలీకి, అదే దూరం నేరుగా వెళ్ళే బస్సు ఉంటే 30 రూపాయలే అయ్యేదనుకుందాం. ఆ అదనపు 10 రూపాయలు దూరానికి చెల్లించినవి కావు. నేరుగా బస్సు లేనందుకు చెల్లించిన జరిమానా. బస్సు మారడం అతని ఇష్టం కాదు, రూట్లు వేసినవారి నిర్ణయం. దినసరి పరిమితిని నేరు ఛార్జీకి రెట్టింపుగా, అంటే 60 రూపాయలుగా నిర్ణయిస్తే ఈ జరిమానా రద్దవుతుంది. పై లెక్కలలో 60 రూపాయలను హద్దుగా తీసుకోవడానికి కారణం ఇదే. 'ఆ రోజు వెళ్ళిన అత్యధిక దూరపు నేరు ఛార్జీకి రెండింతలు' అన్న నియమం దూరాన్నిబట్టి తనంతట తానే సర్దుకుంటుంది. ఏలూరు వరకే వెళ్ళినవాడికి ఒక హద్దు, అక్కడినుంచి తాడేపల్లిగూడెం ఉల్లి మార్కెట్టు వరకు వెళ్ళినవాడికి మరో హద్దు ఏర్పడతాయి.

వర్షాకాలంలో ఈ నియమం విలువ మరింత తెలుస్తుంది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు తెచ్చిన నీరు కొల్లేట చేరుతుంది. అది సముద్రానికి పోయే దారి ఉప్పుటేరు. వరద ఎక్కువైన ఏడు చిన ఎడ్లగాడి దగ్గర నీరు రోడ్డు మీదికి వచ్చి ఏలూరు–కైకలూరు మధ్య రాకపోకలు ఆగిపోతాయి. 2024 సెప్టెంబరు వరదలలోనూ అదే జరిగింది. అటువంటి రోజున ప్రయాణికుడు సరస్సును చుట్టి, మరిన్ని బస్సులు మారి, ఎక్కువ కిలోమీటర్లు తిరిగి వెళ్ళాలి. కిలోమీటర్లనుబట్టి వసూలు చేసే పద్ధతిలో వరద కష్టంతోపాటు వరద ఖర్చు కూడా అతనిదే. బయలుదేరిన చోటు, చేరిన చోటు, వాటి మధ్య మామూలు దారిలోని నేరు ఛార్జీ ఆధారంగా హద్దు ఉంటే చుట్టుదారి భారం అతని మీద పడదు. అప్పుడు పరిమితి ఒక విధమైన బీమాగా పనిచేస్తుంది.

అమలు విషయంలో పల్లె బస్సుకు ఒక అనుకూలత ఉంది. దూరపు ఛార్జీలున్న నగరాలలో ప్రయాణికుడు ఎక్కేటప్పుడూ దిగేటప్పుడూ కార్డు తాకించాలి. దిగేటప్పుడు మరచిపోతే ప్రయాణం అసంపూర్ణమై గరిష్ఠ ఛార్జీ పడుతుంది. లండన్‌లో అలా పడిన మొత్తం పరిమితి లెక్కలోకి కూడా రాదు. మన బస్సులో కండక్టర్ ఎక్కిన స్టేజీని, దిగే స్టేజీని టికెట్టు ఇచ్చేటప్పుడే యంత్రంలో నమోదు చేస్తాడు. కాబట్టి రెండవసారి తాకించవలసిన అవసరమే లేదు. ఆ టికెట్ యంత్రమే రీడర్‌గా పనిచేయగలదు.

కార్డు లేనివారి సంగతి ఇంకా మిగిలి ఉంది. నగదు ఇచ్చేవారికి పరిమితి వర్తించకపోతే, పాసు కొనగలిగినవారు, కొనలేనివారు అన్న పాత విభజన స్థానంలో కార్డు ఉన్నవారు, లేనివారు అన్న కొత్త విభజన వస్తుంది. దీనికి కాగితంతోనే ఒక ఉపాయం ఆలోచించవచ్చు. యంత్రం ఇచ్చే టికెట్టుమీద ఆ రోజు అప్పటివరకు చెల్లించిన మొత్తాన్ని క్యూఆర్ గుర్తుగా ముద్రించి, తరువాతి బస్సులో కండక్టర్ దానిని స్కాన్ చేసి కొత్త టికెట్టు ఇస్తే, పాత టికెట్టే ఆనాటి కార్డవుతుంది. ఒకరి టికెట్టు మరొకరు వాడే ప్రమాదం ఇందులో ఉంది. ఒకసారి స్కాన్ చేసిన గుర్తును రద్దు చేయడం, గడువు పెట్టడం ద్వారా దానిని తగ్గించవచ్చు.

షేర్ ఆటో మాత్రం ఈ లెక్కకు అందదు. బస్సు రాని ఊరినుంచి రోడ్డు వరకు చెల్లించే ఆటో డబ్బు ఏ యంత్రంలోనూ నమోదు కాదు. ఉచిత ప్రయాణమున్న మహిళకు కూడా ఆ మొదటి ముక్కకు ఖర్చు తప్పదు. బస్సు తిరిగే చోట మాత్రమే పరిమితికి అర్థం ఉంటుంది. బస్సు లేని ఊరికి అది వట్టి ప్రకటన.

8. భారం ఎవరిది?

హద్దు దాటిన ప్రయాణాలకు సంస్థ ఆదాయం కోల్పోతుంది. ఖాళీ సీటులో మరొకరు కూర్చుంటే సంస్థకు అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. రద్దీ వేళల్లో అలా కాదు. అదనపు బస్సు నడపాలి. అందుచేత కొన్ని నగరాలు రద్దీ వేళలకు, ఇతర వేళలకు వేర్వేరు హద్దులు పెట్టాయి. మరో ప్రమాదం కూడా ఉంది. పరిమితివల్ల తగ్గిన ఆదాయాన్ని పూడ్చుకోవడానికి విడి టికెట్ల ధర పెంచితే, రోజుకు ఒక్కసారే ప్రయాణించేవారు ఎక్కువసార్లు ప్రయాణించేవారి భారాన్ని మోసినట్లవుతుంది. ఆసుపత్రికి అరుదుగా వెళ్ళే వృద్ధుడు ఆ భారం మోయడం న్యాయం కాదు.

స్త్రీశక్తి తరువాత ఆ బస్సులలో టికెట్టు కొనేవారు ప్రధానంగా పురుషులు. వారిలో ఉద్యోగులకు, విద్యార్థులకు నెలసరి ఏర్పాట్లు ఉన్నాయి. విడి టికెట్లమీద మిగిలేది ఎక్కువగా దినకూలీలు, చిరువ్యాపారులు. పరిమితి వల్ల మేలు పొందేది ప్రధానంగా వీరే. వీరిలోనూ బస్సు మారేవారికే మేలు. కనుక దాని ఖర్చు ఉచిత ప్రయాణపు ఖర్చుతో పోల్చదగినంత పెద్దది కాబోదని తర్కించవచ్చు. ఎంత అన్నది టికెట్ యంత్రాల నమోదుల నుంచి గణించవలసిన విషయం. రవాణా, అర్థశాస్త్ర పరిశోధకులకు ఇది తగిన అధ్యయనాంశం.

ముగింపు:

దినసరి ఛార్జీ పరిమితిని సాంకేతిక విశేషంగానో, నగరవాసుల సౌకర్యంగానో చూడటం అసమగ్రం. దాని సారం మూడు అంశాలలో ఉంది. ఒకటి, భవిష్యత్తును ఊహించలేనివాడిని ఊహించనందుకు శిక్షించకపోవడం. రెండు, ముందుగా సొమ్ము పెట్టలేనివాడికి పెట్టగలిగినవాడి ధరనే అందించడం. మూడు, ఎక్కిన బస్సుల సంఖ్యను కాక, మనిషి చేసిన ప్రయాణాన్ని లెక్కించడం. ఏలూరు, తాడేపల్లిగూడెం, కొల్లేరు ప్రాంతంలో ఈ మూడవ అంశానిదే ప్రాధాన్యం. ఇక్కడి ప్రయాణాన్ని ముక్కలు చేసినవి నీరు, రైలుమార్గాలు, జిల్లా సరిహద్దులు, బస్సు రూట్లు. ఆ ముక్కలకు విడివిడిగా వెల కట్టి ప్రయాణికుడి నుంచి రాబట్టడమా, వాటిని కలిపి ఒక్క ప్రయాణంగా గుర్తించడమా అన్నది విధాన నిర్ణయం. అలా గుర్తించాలని నిశ్చయించుకుంటే, లెక్క కట్టడానికి కావలసిన యంత్రం ఇప్పటికే కండక్టర్ చేతిలో ఉంది.